దామెర్ల రామారావుగారు

హాలండు దేశమున హార్లెము పట్టణమున జనించి, 1682లో కీర్తిశేషుడైన జాకబ్ వాన్ రాయిస్‌డాల్ అను చిత్రకారుడు అడవి యంచులను, నీటి మడుగులను, మేఘములను ప్రధాన విషయములుగా గైకొని చిత్రించెను. రాజులును వీరులును లేకున్నను, ఒక చెట్లగుంపు చూపరుల హృదయమును కదలింపగలదని యా చిత్రములు చాటినవి. మన యాంధ్రదేశమున కొండలను, నదిని అట్టి ప్రేమతో చూచినవారిలో దామెర్ల రామారావుగారు స్మరణీయులు.

వీరు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యులును, స్వయముగా చిత్రకారులును నగు ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు ఈ బాలుని ప్రజ్ఞను గుర్తించి ప్రోత్సహించిరి. వారి ప్రోద్బలమున రామారావుగారు 1916లో బొంబాయి జె. జె. చిత్రకళాశాలలో చేరి, 1920లో విద్య ముగించిరి. పాశ్చాత్య పద్ధతులను చక్కగా నభ్యసించియు, అజంతా చిత్రముల రేఖాసౌందర్యమును విడనాడక, తమదైన యొక శైలిని ఏర్పరచుకొనిరి.

వనమున పెరిగి లోకమెరుగని మునికుమారుని కథను చిత్రించిన వీరి 'ఋష్యశృంగ బంధనము' 1922లో కలకత్తా ప్రదర్శనమున బహుమానమునందెను. 'తూర్పు కనుమలలో గోదావరి' యను ప్రకృతిచిత్రమును వీరి పేరు నిలిపినది. తాము నేర్చినది తమతోనే యంతరింపరాదని తలచి, 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించిరి. స్త్రీలు కుంచె పట్టుట యరుదైన యా దినములలో, వీరి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులైరి.

అంతలో ఘోరవిపత్తు సంభవించెను. మశూచికము సోకి, 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావుగారు పరమపదించిరి. అప్పటికి వారికి ఇరువదియెనిమిదేండ్లైనను నిండలేదు. ఆ వ్యాధికి టీకా 1796లోనే కనుగొనబడియుండెను. అయినను అది లోకమునుండి తొలగినట్లు ప్రకటింపబడినది 1980లో మాత్రమే. ఎందరు ప్రతిభావంతులు ఈ నడుమ దానికి బలియైరో!

రెండేండ్లైన నిండని పాఠశాల దిక్కులేనిదగునని తోచిన తరుణమున, మిత్రులు వరదా వెంకటరత్నముగారు ఆ భారమును తలకెత్తుకొని సాగించిరి. నేడును రాజమహేంద్రవరమున రామారావుగారి పేరనున్న చిత్రశాలలో వారి చిత్రములను చూడవచ్చును.

విద్యార్థులారా! మన పలనాటను నల్లమల యంచులు కలవు. మాచర్లకు చేరువ నెత్తిపోతలయొద్ద చంద్రవంక దుముకుచున్నది. కన్నులు తెరచి చూడుడు. చూచినదానిని శ్రద్ధతో గీయుడు. నేర్చినదానిని మరియొకరికి నేర్పుడు. స్వల్పాయువునందును ఆ మహనీయుడు చేసి చూపినది యిదియే.