ఒక్క పానాతో నాగలిని సరిచేసుకోమన్న ఫెర్గూసన్

భీవండి మరమగ్గాల మీద బతికే మన పద్మశాలీ బిడ్డలకు పానా విలువ వేరే చెప్పనక్కరలేదు. వారు పంపే కూలి డబ్బుతో ఊరిలో సేద్యం సాగే ఇళ్లూ ఉన్నాయి. అక్కడ ట్రాక్టరు వెనుక నాగలిని పట్టి ఉంచే మూడు కడ్డీల అమరిక హ్యారీ ఫెర్గూసన్ చలవే.

1884లో ఐర్లండులో రైతు ఇంట జన్మించిన ఆయనకు సేద్యం రుచించలేదు. అన్నగారి మరమ్మతుల దుకాణంలో చేరారు. 1909 చివరి రోజున తాను నిర్మించిన విమానంలో ఎగిరారు కూడా! మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వ్యవసాయ మండలి ఆయనకు ట్రాక్టర్ల పర్యవేక్షణ అప్పగించింది. నాగలిని కొక్కేనికి తగిలించి లాగే రోజులవి. రాయి అడ్డుపడితే ట్రాక్టరు ముందుభాగం లేచి వెనక్కి తిరగబడేది. నడిపేవాని ప్రాణం పోయేది.

1926లో పేటెంటు పొందిన ఆయన అమరికలో కింది రెండు కడ్డీలు నాగలిని లాగుతాయి, పైకడ్డీ ట్రాక్టరును ముందుకు నెట్టి ముందుచక్రాలను నేలకు అదుముతుంది. పైకడ్డీ మర తిప్పి పొట్టి చేస్తే నాగలి మొన లోతుకు వంగుతుంది, పొడవు చేస్తే పైకి లేస్తుంది. ఆయన ట్రాక్టరుతో ఇచ్చే పానాపై అంగుళాల గీతలుండేవి, కొలబద్దా అదే. మరకు గ్రీజు పూసి, కుదిరిన కొలత దగ్గర రంగుగీత పెట్టుకుంటే నేటికీ ప్రతిసారి తడుముకోనక్కరలేదు. అయ్యే ఖర్చెంత?

1938లో హెన్రీ ఫోర్డుతో కాగితం లేకుండా, చేతులు కలిపి ఒప్పుకున్నారు. ఫోర్డు మనవడి కాలంలో అది చెడి వ్యాజ్యమైంది; 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. మరుసటి ఏడు ఆయన సంస్థ మాసీ-హారిస్‌లో కలిసింది.

1960 అక్టోబరు 25న ఫెర్గూసన్ కన్నుమూశారు. అదే ఏడు మద్రాసులో స్థాపితమైన టాఫె ఆయన పేరున్న ట్రాక్టర్లను మన చేలకు చేర్చింది.