మైదానం మూసినా ఆగని ఆట: లిల్లీ పార్ జీవితం

ప్రతిభ దైవదత్తమని పెద్దలంటారు. అది నిజమే కావచ్చును. కాని ఆ ప్రతిభ వెలికి రావడానికి ఇంత చోటు కావాలి. ఆ చోటు మాత్రం మనుష్యుల చేతిలో ఉంటుంది. మైదానం ఇచ్చేవారూ మనుష్యులే, దాని ద్వారానికి తాళం వేసేవారూ మనుష్యులే. ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ క్రీడాకారిణి లిల్లీ పార్ జీవితాన్ని మా విద్యార్థినీ విద్యార్థుల ముందుంచడానికి ఈ ఒక్క సత్యమే మాకు ప్రేరణ.

లిల్లీ పార్ 1905 ఏప్రిల్ 26న లాంకషైర్ ప్రాంతంలోని సెయింట్ హెలెన్స్ పట్టణంలో జన్మించింది. అది గాజు కార్ఖానాలకు పేరుపడిన ఊరు. తండ్రి అట్టి కార్ఖానాలో కూలి. ఏడుగురు సంతానంలో ఈమె నాలుగవది. ఆ కాలపు ఆడపిల్లలు కుట్టుపని, వంటపని నేర్చుకుంటూ ఉండగా ఈమె అన్నదమ్ములతో కలిసి ఖాళీ జాగాలలో ఫుట్‌బాల్, రగ్బీ ఆడుతూ పెరిగింది. బంతిని ఎడమ కాలితో బహుదూరం తన్నగల నేర్పు ఆమెకు ఆ ఖాళీ జాగాలలోనే అబ్బింది.

ఆమె ఆటకు మార్గం వేసినది మొదటి ప్రపంచ యుద్ధం. 1914లో యుద్ధం ఆరంభమై పురుషులు రణరంగానికి తరలగా, కార్ఖానాలలో వారి స్థానాన్ని స్త్రీలు భర్తీ చేశారు. ప్రెస్టన్ నగరంలో డిక్ కెర్ అనే సంస్థ అంతకుముందు ట్రాములకు సంబంధించిన పరికరాలు తయారు చేసేది. యుద్ధకాలంలో అది మందుగుండు సామగ్రి తయారీకి దిగింది. అందులో పనిచేసే యువతులు విరామ వేళల్లో బంతి ఆడుతూ ఆడుతూ జట్టుగా ఏర్పడ్డారు. 1917 క్రిస్మస్ దినాన, గాయపడిన సైనికుల ఆసుపత్రికి నిధి కూర్చడం కోసం డీప్‌డేల్ మైదానంలో వారు ఆడిన ఆటను చూడడానికి సుమారు 10,000 మంది వచ్చారు. ఆ జట్టు వ్యవహారాలను ఆల్ఫ్రెడ్ ఫ్రాంక్లండ్ అనే ఉద్యోగి చూచేవాడు.

సెయింట్ హెలెన్స్ జట్టులో ఆడుతున్న లిల్లీ ఆయన కంటబడింది. కార్ఖానాలో ఉద్యోగమిచ్చి ఆమెను తమ జట్టులోకి తీసుకున్నారు. అప్పటికామె వయస్సు పదిహేనేళ్ళకు అటూ ఇటూ. పని మానుకొని ఆడినందుకు నష్టపరిహారంగా ఒక్కొక్క ఆటకు 10 షిల్లింగులు ముట్టేవి. ఆటను నమ్ముకున్న స్త్రీకి ఆనాడు లభించిన వేతనం అంతమాత్రమే. తక్కిన సొమ్మంతా దానధర్మాలకే పోయేది.

1920వ సంవత్సరం ఆ జట్టుకు స్వర్ణసంవత్సరం. ఆలిస్ మిలియా నాయకత్వంలో ఫ్రాన్సు దేశపు స్త్రీల జట్టు ఇంగ్లండుకు వచ్చి వీరితో ఆడింది. తరువాత వీరు ఫ్రాన్సుకు వెళ్ళి ఆడారు. ఆ డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో జరిగిన ఆటకు 53,000 మంది ప్రేక్షకులు హాజరయ్యారు. చోటు చాలక వేలాది మంది వెలుపలనే నిలిచిపోయారు. నాడు వసూలైన మొత్తం 3,000 పౌండ్లకు పైబడింది.

ఏడాది తిరగకముందే దెబ్బ తగిలింది. 1921 డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒక తీర్మానం చేసింది. ఈ ఆట స్త్రీలకు తగదనీ, వసూళ్ళలో అధిక భాగం ఖర్చుల కింద పోతున్నదనీ, కావున తమ సభ్య సంఘాలు స్త్రీలకు మైదానాలు ఇవ్వరాదనీ దాని సారాంశం. ఈ ఆట స్త్రీల దేహారోగ్యానికి హానికరమని కొందరు వైద్యులు సైతం వంత పాడారు. యుద్ధకాలంలో మందుగుండు మోసిన చేతులకు లేని హాని, శాంతికాలంలో బంతిని తన్నిన కాళ్ళకు ఎట్లు కలిగినదో మాకు బోధపడదు.

ఆ తీర్మానం ఆటను నిషేధించలేదు. ఆడే చోటును లేకుండా చేసింది. చోటు లేనప్పుడు ప్రేక్షకులు లేరు, ప్రేక్షకులు లేనప్పుడు పేరు లేదు. అనేక స్త్రీల జట్లు క్రమంగా అంతరించాయి. లిల్లీ జట్టు మాత్రం రగ్బీ మైదానాలలోనూ, దొరికిన ఖాళీ స్థలాలలోనూ ఆడసాగింది. 1922లో వారు ఓడ ఎక్కి అమెరికా ఖండానికి చేరగా కెనడాలో ఆడనివ్వలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఎదురుగా నిలిచినవి పురుషుల జట్లు. వెనుదిరగక వారితోనే ఆడారు.

1926లో ఫ్రాంక్లండ్‌కూ కార్ఖానాకూ పొత్తు చెడి జట్టు ప్రెస్టన్ లేడీస్ అనే పేరు పెట్టుకొన్నది. లిల్లీ విట్టింగ్‌హామ్ మానసిక చికిత్సాలయంలో నర్సు శిక్షణ పొంది, పదవీ విరమణ వరకు రోగులకు సేవ చేసింది. సేవకు ఆట అడ్డు కాలేదు, ఆటకు సేవ అడ్డు కాలేదు. 1946లో జట్టు నాయకురాలై, 1951లో నలభై ఆరేళ్ళ ప్రాయంలో ఆట విరమించింది. ఎడమ పార్శ్వాన నిలిచి ఆమె చేసిన గోల్‌లు 900 దాటాయని ప్రతీతి.

1965లో ఆ జట్టు విడిపోయింది. నిషేధం తొలగినది 1971లో. అప్పటికి లిల్లీ వయస్సు అరవై ఆరు సంవత్సరాలు. తాళం తీసిన మైదానంలోకి అడుగుపెట్టే కాలం ఆమెకు దాటిపోయింది. 1978 మే 24న ఆమె కన్ను మూసింది. 2002లో ఇంగ్లండు జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియం వారు తమ మహనీయుల వరుసలో చేర్చిన తొలి మహిళ ఆమెయే. 2019లో మాంచెస్టర్‌లో ఆమె విగ్రహం వెలసింది.

ఈ గౌరవాలను మేము తక్కువ చేయము. అయితే 1921లో ఒక మైదానం తెరచి ఉంచినచో, ఇన్నేళ్ళ తరువాత ఒక విగ్రహంతో తీర్చుకోవలసిన ఋణం ఇంత భారమయ్యేది కాదు. ఒక్క లిల్లీ పట్టుదలతో నిలిచింది. పట్టుదల ఉండియు చోటు దొరకక ఇళ్ళకు మరలిన యువతుల పేర్లు ఏ మ్యూజియంలోను లేవు.

విద్యార్థినులారా! మీకు ఇష్టమైన విద్యను గాని, ఆటను గాని, దారి మూసుకొన్నదని విడువకండి, పక్కదారి వెదకండి. ఇక విద్యాసంస్థలను నడిపే పెద్దలకు మా వినయపూర్వకమైన మనవి ఒక్కటే. ఆడపిల్లలకు తగదని దేనికైనా తాళం వేసే ముందు, అది మళ్ళీ తెరుచుకోవడానికి యాభై ఏళ్ళు పట్టవచ్చునని ఒక్కసారి తలచుకొందురుగాక.