గౌతు లచ్చన్న

సర్దార్ గౌతు లచ్చన్న (1909 ఆగష్టు 16 - 2006 ఏప్రిల్ 19) స్వాతంత్ర్య సమరయోధుడు, రైతు నాయకుడు, గీత కార్మికుల నాయకుడు, రాష్ట్ర మంత్రి. ఆచార్య ఎన్.జి.రంగా ప్రధాన అనుచరులలో ఒకడు. శాసనసభా జీవితములో ఎక్కువ భాగము ప్రతిపక్షములోనే గడిపాడు.

బాల్యము

లచ్చన్న సోంపేట తాలూకా బారువ గ్రామములో చిట్టయ్య, రాజమ్మ దంపతులకు జన్మించాడు. అప్పట్లో ఈ ప్రాంతము మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. బారువ మహేంద్రతనయ నది సముద్రములో కలిసే చోట ఉన్న పాత రేవు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు పేరుపొందిన ఉద్దానం ఈ తీరము వెంబడే ఉంది. వీరిది కల్లుగీత వృత్తిగా గల కుటుంబము. ఆ రోజుల్లో ఆ కులాలవారికి బడి చదువే అరుదు. లచ్చన్న మాత్రం బారువలో ప్రాథమిక విద్య ముగించి మందసలోని రాజావారి ఉన్నత పాఠశాలలో చేరాడు. చదువు పూర్తి కాలేదు.

స్వాతంత్ర్యోద్యమము

1930లో ఉప్పు సత్యాగ్రహానికి గాంధీజీ పిలుపునివ్వగా లచ్చన్న చదువు మానివేసి, బారువ తీరములో సముద్రపు నీటితో ఉప్పు వండే సత్యాగ్రహములో పాల్గొన్నాడు. పోలీసులు ఆయనను అరెస్టు చేసి టెక్కలి, నరసన్నపేట సబ్‌జైళ్ళలో ఉంచారు. శిక్ష పడిన తరువాత బరంపురం జైలుకు తరలించారు. 1932లో శాసనోల్లంఘన ఉద్యమములో మరల జైలుకు వెళ్ళాడు.

ఈ ప్రాంతములో స్వాతంత్ర్యోద్యమాన్నీ జమీందారీ వ్యతిరేక పోరాటాన్నీ విడదీసి చూడలేము. అఖిల భారత కిసాన్ మహాసభ 1940 మార్చిలో పలాసలో జరిగింది. కొద్ది రోజులకే మందస జమీందారీలో అడవిపై హక్కుల విషయమై తలెత్తిన ఘర్షణలో పోలీసులు కాల్పులు జరపగా, గుడారి రాజమణిపురానికి చెందిన వీర గున్నమ్మ మరికొందరు రైతులతో పాటు మరణించింది. లచ్చన్న రైతు నాయకుడుగా ఎదిగినది ఇటువంటి వాతావరణములోనే. "సర్దార్" అన్నది ప్రజలు ఆయనకు ఇచ్చిన బిరుదు.

మద్యనిషేధము - ప్రకాశం ప్రభుత్వ పతనము

1951లో రంగా కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించగా లచ్చన్న ఆయన వెంట నడిచాడు. 1952 ఎన్నికల తరువాత శాసనసభ్యుడుగా, 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు కర్నూలు శాసనసభలో సభ్యుడుగా ఉన్నాడు.

1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధము అమలులోకి వచ్చింది. తాటిచెట్టు, ఈతచెట్టు తప్ప వేరే ఆధారము లేని గీత కార్మికులకు ఇది జీవన్మరణ సమస్య అయినది. వారికి బదులుగా చూపిన తాటిబెల్లము తయారీ అందరికీ కూడు పెట్టలేదు. కొత్త రాష్ట్రములో ఈ విషయమును పరిశీలించిన రామమూర్తి కమిటీ నిషేధాన్ని ఎత్తివేయమని సిఫారసు చేసింది. ప్రభుత్వము దానిని అమలుచేయడానికి వెనుకాడింది. గీత కార్మికుల ఆందోళనకు లచ్చన్న నాయకత్వము వహించాడు. చివరకు 1954 నవంబరు 6న టంగుటూరి ప్రకాశం ప్రభుత్వము అవిశ్వాస తీర్మానములో ఒకే ఒక ఓటు తేడాతో ఓడిపోయింది. ఈ పరిణామములో లచ్చన్న పాత్ర ముఖ్యమైనది. ఓటు బలము గాని, పత్రికల అండ గాని పెద్దగా లేని ఒక వృత్తివారి సమస్య ప్రభుత్వాన్నే పడగొట్టడం రాష్ట్ర రాజకీయాలలో కొత్త సంగతి. అయితే ప్రభుత్వము పడిపోయినంత మాత్రాన నిషేధము వెంటనే తొలగలేదు. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఎన్నికలలో కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెసుతోనే కూటమి కట్టింది. లచ్చన్న బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గములో మంత్రి అయ్యాడు.

స్వతంత్ర పార్టీ, తరువాత

1959లో రంగా అధ్యక్షుడుగా స్వతంత్ర పార్టీ ఏర్పడినపుడు లచ్చన్న అందులో చేరాడు. రాజులు, భూస్వాములు, వ్యాపారులు ఎక్కువగా ఉన్న పార్టీలో గీత కులస్థుడొకడు ప్రముఖ నాయకుడు కావడం విశేషమే. రంగాపై గురుభావము, కాంగ్రెసుపై వ్యతిరేకత ఇందుకు కారణాలుగా కనిపిస్తాయి. 1967 ఎన్నికలలో సోంపేట శాసనసభ స్థానము, శ్రీకాకుళం లోక్‌సభ స్థానము రెండింటా గెలిచి, లోక్‌సభ స్థానాన్ని వదులుకున్నాడు. చిత్తూరులో ఓడిపోయిన రంగా ఉప ఎన్నికలో అక్కడ నుండి లోక్‌సభకు వెళ్ళాడు. గుంటూరు జిల్లావాడైన రంగాకు శ్రీకాకుళంలో విజయము దక్కడములో లచ్చన్న పలుకుబడి పనిచేసింది. ఆ కాలములోనే ఉద్దానంలోని బొడ్డపాడు వంటి గ్రామాల యువకులు ఎన్నికల మార్గాన్ని కాదని సాయుధ పోరాటములో చేరారు. లచ్చన్న శాసనసభ మార్గాన్ని విడువలేదు.

1972-73లో జై ఆంధ్ర ఉద్యమ నాయకులలో ఒకడుగా పనిచేశాడు. అత్యవసర పరిస్థితి కాలములో నిర్బంధించబడ్డాడు. 1978లో జనతా పార్టీ తరఫున సోంపేట నుండి గెలిచి శాసనసభలో ప్రతిపక్ష నాయకుడుగా వ్యవహరించాడు.

కుమారుడు గౌతు శ్యామసుందర శివాజీ 1985 నుండి పలుమార్లు సోంపేట శాసనసభ్యుడుగా ఎన్నికయ్యాడు. మనుమరాలు గౌతు శిరీష 2024లో పలాస నుండి ఎన్నికైంది. లచ్చన్న 96 సంవత్సరాల వయసులో విశాఖపట్నంలో మరణించాడు. నాగావళి నదిపై ఉన్న తోటపల్లి బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు.