కలంకారీకి ఊపిరి పోసిన కమలాదేవి

కలంకారీ అను మాటలోనే మన కళాశాలకు ఆప్తమైన చెలిమి ఉన్నది. పారసీకము నుండి వచ్చిన కలం ఉర్దూ వారికీ, తెలుగు వారికీ సమానముగా సొంతము. ఆ పేరు ధరించిన కళ మన శ్రీకాళహస్తిలో వెదురు కలముతోను, కోస్తాతీరమున మచిలీపట్నములో చెక్క అచ్చుతోను జీవించినది. అది అంతరించిపోవు వేళ ఆదుకొన్నవారిలో అగ్రగణ్యురాలు కమలాదేవి చట్టోపాధ్యాయ. ఆమె చరిత్రను విద్యార్థి మిత్రుల ముందుంచుచున్నాము.

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగుళూరులో జన్మించారు. బాల్యమునందే వైధవ్యము ప్రాప్తించినను చదువు మానలేదు. పిదప, సరోజినీ నాయుడు సోదరుడైన హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయను వివాహమాడి లోకవిమర్శను ధైర్యముగా ఎదుర్కొన్నారు. 1926లో మద్రాసు శాసనమండలికి పోటీచేసి స్వల్పమైన తేడాతో ఓడిపోయారు. 1930లో ఉప్పు సత్యాగ్రహములో పాల్గొని కారాగారమునకేగారు. దేశవిభజనానంతరము కాందిశీకులకు సహకార పద్ధతిపై ఇండ్లు, పనులు కల్పించుటకు శ్రమించారు. భిక్ష కన్న పని మేలని ఆమె దృఢవిశ్వాసము. 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడగా దానికి అధ్యక్షురాలైనారు.

ఆనాటికి కలంకారీ స్థితి దయనీయము. ఒకప్పుడు గోల్కొండ సుల్తానుల రేవైన మచిలీపట్నము నుండి అద్దకపు వస్త్రములు పారశీకమునకు, తూర్పు దీవులకు ఓడలలో తరలిపోయెడివి. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అచ్చట వర్తకస్థానములు నెలకొల్పినారు. మన వస్త్రముల ధాటికి తాళలేక 1686లో ఫ్రాన్సు, 1721లో ఇంగ్లండు వాటిని నిషేధించినవి. తరువాత మిల్లు గుడ్డ వచ్చినది. 1864 నాటి తుపాను వేలాది ప్రాణములను బలిగొని పట్టణమును నేలమట్టము చేసినది. ఓడలు పోయినను అచ్చులు మిగిలినవి. పారశీకుల అభిరుచికై చెక్కిన సరుగుడు వంటి సైప్రసు వృక్షములు, మిహ్రాబు తోరణములు, పూలతీగలు ఆ సముద్రయానపు జ్ఞాపకములే.

శ్రీకాళహస్తిలోనైతే రామాయణ, భారత గాథలను గుడ్డపై చిత్రించి ఆలయములకు అర్పించెడివారు. ఆదరణ తగ్గగా ఆ విద్య కొద్దిమంది వృద్ధుల చేతులలోనే మిగిలినది. ఆ చేతులతోనే అది అంతరించునని గ్రహించి, 1950ల చివర అచ్చట శిక్షణ కేంద్రము నెలకొల్పుటకు కమలాదేవి పూనుకొన్నారు. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు గురువైనారు. కరక్కాయ, పాలు కలిపిన ద్రవములో గుడ్డను తడుపుట, బెల్లము, తుప్పుపట్టిన ఇనుము నానబెట్టి నల్లరంగు తీయుట, పటికతో ఎరుపును నిలుపుట, పారునీటిలో ఉతుకుట ఇవన్నియు కొత్త తరము నేర్చుకొన్నది. తండ్రి కొడుకుకు మాత్రమే చెప్పెడి విద్యకు బడి ఏర్పడినది. ఆ గురువుగారి కుమారుడు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించుట ఆ కృషి ఫలమే.

1966లో రామన్ మెగసెసే పురస్కారము, 1987లో పద్మవిభూషణ్ ఆమెను వరించినవి. 1988 అక్టోబరు 29న ఆమె దివంగతులైనారు.

కళను కీర్తించుట సులభము. కళాకారునికి కూడు పెట్టుట కష్టము. కమలాదేవి ఆ కష్టమైన పనినే ఎన్నుకొన్నారు. మన జిల్లాల బిడ్డలమైన మనము శ్రీకాళహస్తికి పోయినపుడు దేవుని దర్శనముతో తృప్తిపడక, ఆ కలము పట్టిన చేతిని కూడ దర్శించి, శక్తికొలది ఒక వస్త్రమైన కొందుము గాక. ఆమెకు మనమర్పింపదగిన నివాళి అదియే.