నలుపు తెలుపుల చిత్రకారుడు

రామతీర్థపు కొండలు సంధ్యవేళ ఆకాశపు వెలుగున కెదురుగా నల్లగా నిలుచుట మన విద్యార్థు లెరిగినదే. నలుపు తెలుపులతోనే తన జాతి జీవితమును, తన నేలను, తన భక్తిని చిత్రించిన కళాకారు డొకడు ఆఫ్రికా ఖండమున నుండెను.

జాన్ మువాఫంగేయో 1943లో దక్షిణ అంగోలాలో క్వన్యామ తెగయందు జన్మించెను. తండ్రి మరణించిన పిదప తల్లి క్రైస్తవురాలై నమీబియాలోని ఆంగ్లికన్ మిషనును చేరగా, ఇతడును ఆమెను వెంబడించెను. 1967లో దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్ట్ కళాకేంద్రమున ప్రవేశించి, లినోలియము పలకపై చెక్కి, సిరా పూసి, కాగితముపై అచ్చొత్తు విద్య నభ్యసించెను. అందు చెక్కిన చోటు తెల్లగాను, విడిచిన చోటు నల్లగాను పడును. తప్పుగా చెక్కిన గీతను పూడ్చుట దుస్సాధ్యము.

క్వన్యామ రాజులు, పెండ్లిండ్లు, పశువులు, చెట్లు, బైబిలు కథలు ఇతని పలకల కెక్కెను. 1973లో ప్రేలుడుచే ధ్వంసమైన ఒనీపా మిషను ముద్రాలయము 1975లో తిరిగి తెరువబడగా, ఆ సంతోషమును సైతము చెక్కెను. దేశము పరపాలనలో, యుద్ధములో నలుగుచున్న 1984లో ఆశను గూర్చి ఇతడు చెక్కిన చిత్రము మిక్కిలి ప్రసిద్ధము.

ఇతడు 1987లో మరణించెను; నమీబియాకు స్వాతంత్ర్యము 1990లో వచ్చెను. తాము చూడని దినమునకై పాటుపడినవారి శ్రమ వ్యర్థము కాదని, బాలబాలికలారా, ఈ చరిత్ర మనకు నేర్పుచున్నది.