ఉద్యమంలోకి దూకి.. పాట పట్టారు!

నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్తుంటే మీకు అల్లూరి గుర్తొస్తారు కదా! 1922లో ఆయన మన్యంలో పోలీసు స్టేషన్ల మీద దాడులు చేస్తున్న రోజుల్లోనే, మన ఉత్తరాంధ్ర మనిషే మరొకరు ఒక్క పాటతో తెల్లదొరల్ని కంగారు పెట్టారు. ఆయన గరిమెళ్ల సత్యనారాయణ.

1893లో ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో పుట్టారు. బీఏ చదివి గుమస్తాగా, టీచర్‌గా చేశారు. గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపు విని ఉద్యమంలోకి దూకారు. ‘మాకొద్దీ తెల్లదొరతనము’ రాశారు.

దానికి ప్రేరణ ఏంటో తెలుసా? తన చుట్టూ ఉన్న జనం కష్టాలే. పంటలున్నా తీరని ఆకలి, ఉప్పు మీద ఆంక్షలు.. ఇవన్నీ మామూలు జనం మాటల్లోనే రాశారు. అందుకే చదువు రానివాళ్లకూ నోటికొచ్చేసింది. సర్కారు జైల్లో పెట్టింది. విడుదలయ్యాక మళ్లీ పాడారు, మళ్లీ జైలుకెళ్లారు.

తర్వాత మద్రాసులో పత్రికల్లో పనిచేశారు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకే, 1952లో, పేదరికంలో కన్నుమూశారు. ఆయన పాటకు అంత ఖరీదు కట్టారు. అందుకని మిమ్మల్ని ఉద్యోగ ప్రయత్నాలు ఆపమనడం లేదు. సంతలో, బస్టాండులో జనం దేనికి ఇబ్బంది పడుతున్నారో ఓసారి చెవిపెట్టి వినండి. పాటకైనా, యాప్‌కైనా మొదటి లైను అక్కడే దొరుకుతుంది.