చేతిలో అంతంతమాత్రం ముక్కలు.. అండమాన్‌లో నేతాజీ పందెం

పోకర్ ఆటలో మేలైన ముక్కలు పడినవారికి, బొత్తిగా పనికిరానివి పడినవారికి నిర్ణయం అంత కష్టం కాదు. అసలు చిక్కు అంతంతమాత్రం ముక్కలు చేతికొచ్చినవారిదే. పందెం కాస్తే తమకంటే బలహీనులు తప్పుకొంటారు, బలవంతులే ఎదురు నిలుస్తారు. కాయకుండా వంతు దాటవేస్తే నష్టం తక్కువే గానీ, ఆట పగ్గాలు ఎదుటివారి చేతికి పోతాయి. నేతాజీ సుభాష్ చంద్రబోస్ రాజకీయ జీవితంలో ఇలాంటి ఘట్టాలు పదేపదే ఎదురయ్యాయి. తరచూ ఆయన పందెం వైపే మొగ్గారు. వాటిలో అత్యంత సంక్లిష్టమైనది 1943 డిసెంబరులో అండమాన్ దీవుల్లో ఎదురైంది.

1897 జనవరి 23న కటక్‌లో జన్మించిన బోస్, 1920లో ఐసీఎస్ పరీక్షలో నాలుగో స్థానం సాధించి, మరుసటి ఏడాదే ఆ కొలువును వదులుకున్నారు. 1939లో గాంధీజీ మద్దతు ఉన్న ఆంధ్ర నేత భోగరాజు పట్టాభి సీతారామయ్యకు 1,377 ఓట్లు రాగా, బోస్ 1,580 ఓట్లతో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి రెండోసారి ఎన్నికయ్యారు. అయితే కార్యవర్గంలో అత్యధికులు రాజీనామా చేయడంతో ఆ గెలుపు ఆయన చేతికి అధికారాన్ని ఇవ్వలేదు. ఏప్రిల్‌లో ఆయన పదవి నుంచి వైదొలిగారు. 1941 జనవరిలో కలకత్తా గృహనిర్బంధం నుంచి తప్పించుకుని కాబూల్, మాస్కోల మీదుగా బెర్లిన్ చేరారు. అక్కడి నుంచి 1943లో జలాంతర్గాముల్లో ఆసియాకు వచ్చి, అక్టోబరు 21న సింగపూర్‌లో ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వాన్ని ప్రకటించారు.

ఆ ప్రభుత్వానికి సైన్యం ఉంది, మంత్రివర్గం ఉంది, జపాన్ పక్షపు దేశాల గుర్తింపు ఉంది. తనదని చెప్పుకోవడానికి జానెడు నేల మాత్రం లేదు. 1942 మార్చి నుంచి జపాన్ ఆక్రమణలో ఉన్న అండమాన్ నికోబార్ దీవులను అప్పగిస్తామని ఆ దేశ ప్రధాని టోజో 1943 నవంబరులో ప్రకటించారు. అప్పటికే గ్వాడల్‌కెనాల్‌ను కోల్పోయిన జపాన్ పసిఫిక్‌లో వెనుకడుగు వేస్తోంది. వాస్తవ పరిపాలన చేతికి వచ్చేదాకా వేచి చూడాలా, పేరుకు దక్కిన అధికారాన్నే లోకానికి చాటాలా అన్నది బోస్ ముందున్న ప్రశ్న. ఆయన చాటడానికే సిద్ధపడ్డారు. డిసెంబరు 29న పోర్ట్ బ్లెయిర్ చేరి, మరునాడు జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. సెల్యులర్ జైలును సందర్శించారు. దీవులకు షహీద్, స్వరాజ్ అనే పేర్లు ఖరారయ్యాయి.

పతాకం ఎగిరినా పెత్తనం మాత్రం జపాన్ నౌకాదళానిదే. 1944 ఫిబ్రవరిలో బోస్ తరఫున చీఫ్ కమిషనర్‌గా వచ్చిన లోగనాథన్‌కు విద్యాశాఖ మినహా చెప్పుకోదగ్గ అధికారం దక్కలేదు. బోస్ పర్యటన సాగిన రోజుల్లోనే పంజాబీ కవి, వైద్యుడు దివాన్ సింగ్ కాలేపానీ అదే సెల్యులర్ జైలులో జపాన్ సైనికుల చిత్రహింసలు అనుభవిస్తున్నారు. 1944 జనవరి 14న ఆయన ప్రాణాలు విడిచారు. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మంది భారతీయులను గూఢచారులన్న నెపంతో కాల్చి చంపారు. బోస్ పర్యటన ఆద్యంతం జపాన్ అధికారుల కనుసన్నల్లో సాగినందున ద్వీపవాసుల గోడు ఆయన చెవిన పడలేదని పలువురు చరిత్రకారులు భావిస్తారు.

ఆ పందెంతో ప్రవాస ప్రభుత్వానికి స్వదేశీ నేల దక్కిందన్న ప్రతిష్ఠ లభించింది. అయితే పేకాటలో ఓడినవారు తమ సొమ్మే చెల్లిస్తారు. అండమాన్‌లో మాత్రం ఆటలో కూర్చోని ద్వీపవాసులు 1945 అక్టోబరులో బ్రిటిష్ సేనలు తిరిగి వచ్చేవరకూ మూల్యం చెల్లిస్తూనే ఉన్నారు. అంతకుముందే 1944లో ఇంఫాల్ దండయాత్ర విఫలమైంది. 1945 ఆగస్టు 18న తైహోకులో జరిగిన విమాన ప్రమాదంలో బోస్ మరణించారన్నది ప్రభుత్వం అంగీకరించిన నిర్ధారణ.

2018లో నీల్, హేవ్‌లాక్ దీవులకు షహీద్ ద్వీప్, స్వరాజ్ ద్వీప్ అని, రాస్ దీవికి నేతాజీ పేరు పెట్టారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురంగా మారింది. అక్కడ పతాకం ఎగిరిన చోటుతో పాటు హంఫ్రీగంజ్‌లోని అమరుల స్మారకాన్ని కూడా చూసినవారికే నేతాజీ కాసిన పందెం విలువ, దాని మూల్యం రెండూ తెలుస్తాయి.